నలుపు తీసే రోజు

పురిటాను చంపింది ఆమె తమ్ముడు బాల్డో. ఈ విషయంలో తెరియోకు అనుమానం లేదు. ఏడాదీ మూడు రోజులుగా లేదు.

ఆ బాల్డో ఇప్పుడు పది అడుగుల దూరంలో, ఇసుకలో గొంతుక్కూర్చుని, కొబ్బరి చిప్పల నిప్పుల మీద చేపలు కాలుస్తున్నాడు.

తెరియో వెనక్కి తిరిగి చూశాడు. తమను దింపిన మోటారు పడవ అప్పటికే పగడపు దిబ్బ దాటింది. రేపు పది గంటలకు గానీ మళ్ళీ రాదు. దియుతాయ్ దీవిలో ఊరు లేదు, దుకాణం లేదు, ఇంకో పడవ లేదు.

"వీణ్ణి ఎవరు పిలిచారు?"

మరివిక్ సంచిలోంచి పళ్ళేలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"నేనే నాన్నా. పొద్దున్న పడవకే వచ్చాడు."

"రెండు రోజులు సముద్రం గాలికి పోదామన్నావు. అమ్మమ్మ ముచ్చటపడుతోందన్నావు. వీడి సంగతి చెప్పలేదే?"

"చెబితే వచ్చేవాడివా?"

"వచ్చేవాణ్ణి కాదు."

"అందుకే చెప్పలేదు."

బాదం చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో పురిటా తల్లి పసియెన్సియా కూర్చుని ఉంది. ఎనభై ఒకటో ఏడు. కళ్ళు సగం కనబడవు, చెవులు మాత్రం పాము చెవులు.

"అల్లుడూ, వచ్చి కూర్చో. చేప కాలుతోంది. నీ కడుపు ఏడాది నుంచీ కాలుతూనే ఉందిగా, ఇంకో పావుగంట కాలనీ."

"వీడున్న చోట నేను తినను అత్తయ్యా."

"మరి ఈతకొట్టుకుంటూ ఇంటికి పో. ఎవరు వద్దన్నారు?"

ఆమె తన భాష ఇలొంగోలో అడిగింది. అతను తన భాష సెబువానోలో జవాబు చెప్పాడు. ఆ కుటుంబంలో ఇరవై ఆరేళ్ళుగా అంతే. ఎవరి భాష వాళ్ళు మాట్లాడతారు, ఎదుటివాళ్ళది అర్థం చేసుకుంటారు. పురిటా చనిపోయే దాకా అతనితో తన భాషే మాట్లాడింది.

బాల్డో లేచి నిలబడ్డాడు. నవ్వబోయి పెదవులు మూసుకున్నాడు. పైవరసలో రెండు పళ్ళు లేవు. అవి పురిటా శవపేటిక పక్కన తెరియో పిడికిలికి ఊడిపోయినవి.

"బావా, నీకు తోక వైపు ముక్క ఇష్టమని..."

తెరియో నాలుగు అంగల్లో అక్కడికి వెళ్ళి నిప్పుల మీది ఇనుప జాలీని కాలితో తన్నాడు. చేపలు ఎగిరి ఇసుకలో పడ్డాయి. నిప్పుకణిక ఒకటి బాల్డో మోకాలి మీద పడి అంటుకుంది. అతను దాన్ని చేత్తో దులుపుకున్నాడు. అరవలేదు.

"బావా అనొద్దన్నాను నిన్ను. అన్నానా లేదా?"

"అన్నావు."

"మరి?"

"అలవాటు."

బాల్డో చేపలు ఏరి, సముద్రపు నీళ్ళలో కడిగి తెచ్చి, జాలీ సరిచేసి మళ్ళీ పెట్టాడు. మోకాలి మీద రూపాయంత మేర చర్మం ఎర్రగా లేచింది. మరివిక్ గుడ్డ తడిపి తెచ్చింది. అతను వద్దని చెయ్యి ఊపాడు.

ఆ మధ్యాహ్నం ముగ్గురు తిన్నారు. తెరియో నీళ్ళ ఒడ్డున వాళ్ళకు వీపు పెట్టి నిలబడ్డాడు. పురిటా పోయిన దుఃఖానికి గుర్తుగా చొక్కా జేబు మీద పిన్నుతో గుచ్చుకున్న గోరంత నల్లగుడ్డ ఇంకా అలాగే ఉంది. ఏడాది నిండింది మొన్న మంగళవారం. ఊళ్ళో అందరూ తీసెయ్యమన్నారు. అతను తియ్యలేదు.

* * *

తిన్నాక ముసలామె దీవి చుట్టి రావాలంది.

"ఎండ అమ్మమ్మా" అంది మరివిక్.

"నేను పుట్టింది ఈ దీవిలో. మా నాన్న ఇక్కడ సున్నపు బట్టీ పెట్టాడు. ఆ పక్కన ఊపిరి బండ ఉంటుంది. పురిటాకు ఎనిమిదేళ్ళప్పుడు తీసుకొచ్చి చూపించాను. అది చూడకుండా నేను చావను. అల్లుడూ, నువ్వు పొదలు కొట్టి దారి చెయ్యి. కత్తి తెచ్చావుగా?"

అత్తగారు అడిగితే తెరియో కాదనలేడు. పురిటా పోయాక అతను ఎవరి మాటైనా వింటున్నాడంటే ఆమె మాటే. కొబ్బరి కత్తి తీసుకుని ముందు నడిచాడు.

దారంతా మొగలి పొదలు. కింద పగడపు రాయి, కత్తులు పరిచినట్టు ఉంది. బాల్డో తల్లిని వీపున ఎత్తుకున్నాడు. మరివిక్ నీళ్ళ డబ్బాతో వెనక నడిచింది.

"నీ వీపెముకలు గుచ్చుకుంటున్నాయిరా. ఇంట్లో తింటున్నావా, చూసి వదిలేస్తున్నావా?"

"నువ్వే బరువెక్కావమ్మా. పొద్దుట్నుంచీ ఎన్ని అన్నం పొట్లాలు విప్పావో లెక్కుందా?"

"నాలుగు."

"నాలుగా? నా పొట్లం కూడా కలిపా?"

మరివిక్ ఫక్కున నవ్వింది. అచ్చం పురిటా నవ్వు. తెరియో కత్తి ఎత్తి మొగలి మట్టను ఒక్క వేటుకు తెగ్గొట్టాడు. తెగిన తర్వాత కూడా ఇంకో రెండు వేట్లు వేశాడు.

నవ్వు ఆగిపోయింది.

పైన కొమ్మల్లో తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలాలు రెక్కలు విదిలించుకుంటున్నాయి.

"మీ వాళ్ళు తిట్టుకున్నా జోలపాట పాడినట్టే ఉంటుంది" అన్నాడు తెరియో, ముందుకు చూస్తూనే. "అందుకే మీ మాట ఎంత తియ్యగా ఉన్నా నమ్మకూడదు. నమ్మి నా పెళ్ళాన్ని మీ ఊరి పండక్కి పంపాను."

"నిజమే" అన్నాడు బాల్డో.

"ఏంట్రా నిజం?"

"నువ్వన్నది."

ఇదే తెరియో భరించలేకపోయేది. వీడు ఏమన్నా ఒప్పుకుంటాడు. శవం దగ్గర కొట్టినా ఒప్పుకున్నాడు. సమాధి దగ్గరకు రావొద్దంటే ఒప్పుకున్నాడు. గోడలా ఎదురు నిలిస్తే పగలగొట్టొచ్చు. వీడు బురద. ఎంత తొక్కితే అంత దిగుతాడు.

తెరియో ఆగి వెనక్కి తిరిగాడు.

"నా కూతురి ముందు చెప్పు. ఆ రోజు నాకు ఎన్నింటికి ఫోన్ చేశావు?"

"పొద్దున్న తొమ్మిదింటికి."

"ఏమన్నావు?"

"అక్కకు కడుపులో నొప్పి, చెమటలు పడుతున్నాయి అన్నాను."

"నేనేమన్నాను?"

వీపు మీద ముసలామె అతని భుజం గట్టిగా పట్టుకుంది.

"నేనేమన్నానురా? ఆస్పత్రికి తీసుకెళ్ళమన్నానా లేదా?"

"అన్నావు."

"ఎన్నింటికి తీసుకెళ్ళావు?"

"నాలుగింటికి."

"తొమ్మిది నుంచి నాలుగు దాకా ఏం చేశావు?"

"ఊరేగింపులో బూర ఊదాను. మధ్యలో రెండుసార్లు ఇంటికొచ్చి చూశాను. పడుకుంది."

"విన్నావా మరివిక్? ఏడు గంటలు. లోపల పేగు పగిలి మీ అమ్మ మెలికలు తిరుగుతుంటే వీడు బూర ఊదాడు. మోటారు ట్రైసికిల్‌లో దారిలోనే పోయింది. విన్నావా?"

"విన్నాను నాన్నా" అంది మరివిక్.

"బాల్డో, నడు" అంది ముసలామె. "మాట పెంచకు."

మరివిక్, బాల్డో ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ముసలామె ముఖం పక్కకు తిప్పుకుంది. తెరియో అది గమనించాడు. తనకు తెలియనిదేదో ఆ చూపులో ఉంది. ముగ్గురూ కలిసి తన మీద జాలిపడుతున్నారా? ఆ ఆలోచనకే ఒళ్ళు మండింది.

* * *

ఊపిరి బండ దీవికి అవతలి కొసన ఉంది. నల్లటి బండలో బావి అంత బిలం. కింద నుంచి అల తోసినప్పుడల్లా బుస్సుమని నీళ్ళు పైకి లేస్తాయి. లేచినప్పుడల్లా అందరి ముఖాల మీద తుంపర.

బాల్డో తల్లిని దించాడు. ఆమె బండ మీద చతికిలబడి కాసేపు ఆ చప్పుడు విన్నది. తర్వాత చేతులు తుడుచుకుంది.

"అల్లుడూ, ఇలా రా. ఏడాది నిండింది. నలుపు దించుకో."

"నాకిష్టమైనప్పుడు దించుకుంటాను అత్తయ్యా."

"నీ ఇష్టం కాదది. నువ్వు దాన్ని పెట్టుకు తిరిగినన్నాళ్ళూ నా కూతురికి విడుదల లేదు. మా ఇంట్లో పద్ధతి ఒకటుంది. ఆడపిల్ల పోతే మొగుడి నలుపు ఆమె తోబుట్టువే తియ్యాలి. సముద్రం ఒడ్డున తియ్యాలి. వీడొక్కడే తోబుట్టువు. అందుకే పిలిపించాను. మరివిక్‌ను అనకు, పిలిపించింది నేను."

తెరియోకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి బాల్డో దగ్గరికొచ్చేశాడు. ముఖం పాలిపోయి ఉంది.

"బావా, ఒక్క నిమిషం. తీసేసి అవతలికి పోతాను. రేపటి దాకా నీ కంటికి కనబడను."

అతని చెయ్యి తెరియో గుండె మీదికి వచ్చింది. రెండు వేళ్ళు పిన్నును పట్టుకున్నాయి.

తెరియో ఎడమ చేత్తో అతని దవడ మీద కొట్టాడు.

బాల్డో పక్కకు తూలి బండ మీద చెయ్యి ఆనించాడు. అరచెయ్యి చీరుకుపోయింది. లేచే లోపల తెరియో అతని డొక్కలో తన్నాడు. ఇంకోసారి తన్నాడు. గాలి బయటికి వచ్చిన చప్పుడు అందరికీ వినిపించింది.

"నాన్నా!"

"లేవరా. లేచి కొట్టు. ఒక్కసారి కొట్టు నన్ను."

బాల్డో మోకాళ్ళ మీద లేచాడు. నోట్లోంచి రక్తం, లాలాజలం కలిసి తీగలా వేలాడుతున్నాయి.

"కొట్టను."

"ఎందుక్కొట్టవు? తప్పు చేశావు కాబట్టేగా?"

బాల్డో తల అడ్డంగా ఊపాడు. ఏడాదిలో మొదటిసారి కాదన్నాడు. అంతలోనే తప్పు జరిగిపోయినట్టు మళ్ళీ నిలువుగా ఊపాడు.

"ఆఁ. చేశాను."

ఆ రెండు ఊపుల మధ్య తెరియో కళ్ళకు చీకట్లు కమ్మాయి. జుట్టు పట్టుకుని అతన్ని బిలం వైపు ఈడ్చాడు. కింద అల తోసింది. నీళ్ళు లేచి ఇద్దర్నీ తడిపాయి. బాల్డో ముఖం బిలం అంచుకు కొట్టుకుని కనుబొమ్మ చిట్లింది. మరివిక్ తండ్రి నడుం పట్టుకుని వెనక్కి లాగింది. తెరియో మోచేత్తో విదిలిస్తే ఆమె వెళ్ళి బండ మీద పడింది.

"చంపేస్తావా అల్లుడూ?" ముసలామె కేక. కళ్ళు కనబడక గాల్లో చేతులు తడుముతోంది. "ఎక్కడ? ఏం చేస్తున్నావు వాణ్ణి?"

"నా పెళ్ళాన్ని ఏం చేశాడో అదే."

కత్తి కుడిచేతిలోనే ఉంది. దారి చెయ్యడానికి తెచ్చిన కత్తి. అతను ఎత్తాడు.

అప్పుడు మరివిక్ అరిచింది.

"దాల్-అ అన్నావు నాన్నా! దాద్-అ అనలేదు, దాల్-అ అన్నావు!"

ఆ మాట చెవిన పడింది. చెయ్యి మాత్రం ఆగలేదు.

బాల్డో తల కాపాడుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టాడు. మోచేతికి, మణికట్టుకు మధ్య దెబ్బ పడింది. తడి కొబ్బరి మట్ట తెగిన చప్పుడు. ముందు తెల్లగా కనిపించింది. తర్వాత రక్తం పొంగింది.

* * *

బాల్డో అరవలేదు. తన చేతిని తానే వింతగా చూసుకున్నాడు. వేళ్ళు కదపాలని చూశాడు. బొటనవేలు కదిలింది. మిగతావి కదల్లేదు.

తెరియో కత్తి పక్కన పడేశాడు. వడ్రంగి పనిలో నలభై ఏళ్ళు. తెగిన చేతులు చాలా చూశాడు. నడుం బెల్టు ఊడదీసి బాల్డో మోచేతి పైన బిగించాడు. మరివిక్ మెడలోని తువ్వాలు లాక్కుని గాయం చుట్టూ కట్టాడు.

కట్టాక అడిగాడు.

"ఏమన్నావు ఇందాక?"

మరివిక్ చిట్లిన మోకాలితో కుంటుతూ దగ్గరికొచ్చింది.

"ఆ రోజు పొద్దున్న నేను నీ పక్కనే ఉన్నాను. కిటికీ దగ్గర నిలబడి ఫోన్‌లో మాట్లాడావు. ఏ భాషలో మాట్లాడావు?"

"నా భాషలో. ఎప్పుడూ మాట్లాడేదే."

"కాదు."

"అబద్ధం."

"దాల్-అ సియా సా ఓస్పితల్, కరొన్. ఇదీ నువ్వన్నది. నాన్న అత్తారి భాష మాట్లాడుతున్నాడే అని నాకు నవ్వొచ్చింది కూడా. నవ్వాను నాన్నా. ఆ రోజు నవ్వాను."

బిలంలోంచి నీళ్ళు లేచి పడ్డాయి.

కరొన్ అంటే సెబువానోలో ఇప్పుడు. ఇలొంగోలో కరొన్ అంటే కాసేపాగి, తర్వాత. ఆ రెండు అర్థాల మధ్య, దీవికి ఒక కొస నుంచి ఇంకో కొసకు పోయినంత దూరం. పెళ్ళయిన కొత్తలో తెరియో ఆకలేస్తోందంటే పురిటా కరొన్ అనేది. అతను పళ్ళెం ముందు వేసుకుని కూర్చునేవాడు. ఆమె పెరట్లో బట్టలు ఉతుక్కునేది. ఆ గొడవ ఎన్నేళ్ళు చెప్పుకుని నవ్వారో. ఎవరి భాష వాళ్ళు మాట్లాడాలన్న కట్టుబాటు అప్పుడు పెట్టుకున్నదే. దాల్-అ అంటే ఇలొంగోలో తీసుకెళ్ళు అని. ఆ మాటే తెరియో తన భాషలో అని ఉంటే దాద్-అ అనేవాడు. ఆ వెనక వచ్చే కరొన్ ఏ భాషదో బాల్డోకు అనుమానం ఉండేది కాదు. ఆ క్షణమే బండి పిలిపించేవాడు.

"నేను దాల్-అ అనలేదు" అన్నాడు తెరియో.

మరివిక్ అతన్నే చూస్తోంది.

"ఎందుకంటాను? ఇరవై ఆరేళ్ళు అనని వాణ్ణి ఆ రోజే ఎందుకంటాను?"

ఎందుకన్నాడో అడుగుతుండగానే అతనికి గుర్తొచ్చింది. ఆ పొద్దున్న ఫోన్ చెవిన పెట్టుకుని కిటికీ ఊచ పట్టుకున్నాడు. ఊచకు రంగు ఆరలేదు, అరచేతికి అంటుకుంది. బాల్డోను ఏనాడూ మనిషిలా చూడనివాడు, ఆ ఒక్క క్షణం అతన్ని బతిమాలుకోవాల్సి వచ్చింది. వాడు నొచ్చుకోకూడదనీ, ఒక్క ముక్క కూడా అటూ ఇటూ పోకూడదనీ, వాడి భాషలోనే అడిగాడు. పదాలు వెతుక్కుని, మెత్తగా అడిగాడు. చివరి మాటకు వచ్చేసరికి భయంలో నోట తన భాష మాటే వచ్చింది.

"నీకు తెలుసా?" అని అత్తగారిని అడిగాడు.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"శవం లేవకముందు నుంచీ. నువ్వు వాడి పళ్ళు రాలగొట్టినప్పుడూ తెలుసు."

"ఎందుకు చెప్పలేదు?"

ముసలామె కొడుకు వైపు ముఖం తిప్పింది. బాల్డో బండకు ఆనుకుని కూర్చున్నాడు. పెదాలు తెల్లబడుతున్నాయి.

"అక్క చెప్పొద్దంది బావా" అన్నాడు. "ట్రైసికిల్‌లో నా ఒళ్ళో తల పెట్టుకుంది. ఇంతసేపు ఎందుకాగావురా అంది. బావే కదా కరొన్ అన్నాడు, సాయంత్రం అయిందని బయల్దేరాను అన్నాను. ఎలా అన్నాడో చెప్పమంది. చెప్పాను. నొప్పిలోనే నవ్వింది. ఆ మొద్దు మన భాష మాట్లాడాడా అంది. తర్వాత నా చొక్కా పట్టుకుంది. ఆయనకు చెప్పావంటే చూడు, ఆయన బతకడు, అంది."

తెగిన చేతిని గుండెకు ఆనించుకున్నాడు.

"నా తప్పు లేదని కాదు. తర్వాతేనా అని ఒక్కసారి తిరిగి అడగాల్సింది. అక్కకు కడుపునొప్పి ఎప్పుడూ వచ్చేదే, బావకు తెలుసు కాబట్టి తర్వాత అన్నాడనుకున్నాను. బయట ఊరేగింపు వాళ్ళు కేకలేస్తున్నారు. అడగలేదు. నువ్వు కొట్టినప్పుడు నేను ఒప్పుకున్నది ఆ తప్పే."

తువ్వాలు పూర్తిగా ఎర్రబడింది. చివర నుంచి బొట్లు రాతి మీద పడుతున్నాయి.

* * *

బండ కింది మలుపులో ఒకడు చిన్న మోటారు పడవలో గేలాలు వేస్తున్నాడు. మరివిక్ నీళ్ళలోకి దిగి రెండు చేతులూ ఊపి అరిచింది. అతను గేలాలు తెంపుకుని వచ్చాడు.

తెరియో బాల్డోను భుజాన వేసుకుని బండ దిగాడు. రక్తం అతని వీపు మీదుగా నడుం దాకా వెచ్చగా కారింది. రెండుసార్లు కాలు జారింది. పడలేదు. పడవలో పడుకోబెట్టి మళ్ళీ పైకి వచ్చి అత్తగారిని ఎత్తుకుని దించాడు. ఆమె అతని మెడ చుట్టూ చేతులు వెయ్యలేదు. కర్రలా బిగుసుకుపోయింది.

"ఏమైంది?" అన్నాడు పడవవాడు, తెరియో చేతుల వంక చూస్తూ.

"జారాను" అన్నాడు బాల్డో కళ్ళు మూసుకునే. "చేతిలో కత్తి ఉంది."

"కత్తి మీద పడితే ముఖం అట్లా అవుతుందా?"

"పోనివ్వు నాయనా, పోనివ్వు" అంది ముసలామె. "మాటలకు పెట్రోలు దండగ."

మోటారు అందుకుంది. అవతలి ఒడ్డు గంట ప్రయాణం. అక్కడి నుంచి ఆస్పత్రి ఇంకో గంట. బాల్డో తల మరివిక్ ఒళ్ళో ఉంది. తెరియో ఎదురుగా కూర్చుని బెల్టు కొస పట్టుకున్నాడు. పట్టు వదిలితే రక్తం మళ్ళీ పొంగుతోంది.

దీవి వెనకబడింది. ముసలామె మాట్లాడింది.

"అల్లుడూ, ఒడ్డున పోలీసులు అడుగుతారు. జారిపడ్డాననే వీడు చెబుతాడు. నేనూ అదే చెబుతాను. నీ కూతురి చేతా చెప్పిస్తాను. దానికి నాకొకటి కావాలి."

"ఏంటి?"

"వాడి ముఖం చూసి నీ తప్పు కాదు, నాది అను. ఒక్కసారి. వాడికి వినిపించేలా. ఇంకా తెలివిలోనే ఉన్నాడు."

బాల్డో కళ్ళు తెరిచాడు. ఒక కన్ను వాచి సగమే తెరుచుకుంది. బతిమాలడం లేదు. ఎదురుచూస్తున్నాడంతే. ఏడాదిగా ఎదురుచూసిన మనిషి ఎలా చూస్తాడో అలా.

తెరియో నోరు తెరిచాడు. ఏ భాషలో అనాలో తెలియలేదు. తన భాషలో అంటే ఆజ్ఞలా ఉంటుంది. వాళ్ళ భాష నోట్లోకి రావడానికి భయపడింది.

ఇది అన్నాడంటే ఏడాదీ మూడు రోజులు తను బతికిన బతుకు మొత్తం కూలిపోతుంది. చంపినవాడు ఎదురుగా ఉన్నాడు కాబట్టి పొద్దున్నే లేచాడు. వాణ్ణి తిట్టుకుంటూ అన్నం తిన్నాడు. అది పోతే ఇంట్లో మిగిలేది తనూ, ఆ కిటికీ.

"అను నాన్నా" అంది మరివిక్.

అతను బెల్టు ఇంకో మెలిక బిగించాడు. బాల్డో పళ్ళు కరుచుకున్నాడు.

"వినండి" అన్నాడు తెరియో. "పోలీసులకు మీరేం చెప్పుకుంటారో మీ ఇష్టం. నన్ను అడిగితే నేనే నరికానని చెబుతాను. జైలంటే జైలు. కానీ ఆ రోజు సంగతి, ఆ ఫోన్ సంగతి, అది నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు. ఈ పడవలో ఎత్తొద్దు. ఇంట్లో ఎత్తొద్దు. నేను మంచాన పడి పోతున్నప్పుడు కూడా ఎత్తొద్దు."

"వీడు ఒడ్డు చేరకపోతే?" అంది ముసలామె. "అప్పుడైనా అంటావా?"

బాల్డో చూస్తూనే ఉన్నాడు. బెల్టు కింద అతని చెయ్యి చల్లబడుతోంది. అది తెరియో వేళ్ళకు తెలుస్తోంది.

"నేను దాని గురించి మాట్లాడను" అన్నాడు. "ఇక ఎప్పుడూ మాట్లాడను."